నీ బేరింగులకు గీత పడలేదు

అన్నా,

ఎర్రగుంట్లలో తొమ్మిదింటికే రెడ్డి షెడ్డు రేకులు కాలుతున్నాయి. పొద్దున రెడ్డి బండల లారీకి క్లచ్చి ప్లేటు మార్చాను. అంతలో ఆయన తన పాత రెండు సీట్ల రేసు కారును ఎద్దులతో లాగించుకొచ్చాడు.

ఆ కారుకు, ఇంజనులోకి గాలిని బలంగా తోసే బ్లోయరు బిగించమని ఆయన అడిగితే, "పాత ఇంజను, తట్టుకోలేదు రెడ్డీ" అని నీవు ఒప్పుకోలేదు. నీవు చనిపోయిన ఏడాదికి రెడ్డి మద్రాసు ఫిట్టరును పిలిపించి బిగించుకున్నాడు. నిన్న కమలాపురం దారిలో ఇంజను నిలిచిపోయింది.

"మీయన్న బేరింగులు సరిగా ఏయలేదంటాండాడప్పా ఈయప్ప" అన్నాడు రెడ్డి, వెంటబెట్టుకొచ్చిన ఆ ఫిట్టరును చూపించి.

"ఇప్పకముందే ఎట్ల తెలిసె? కలలో కనపడిందా?" అన్నాను.

నేనే విప్పాను. నీవు మూడు రోజులు కూర్చుని, మసి పూసి గీకి సరిచేసిన బేరింగులకు ఒక్క గీత పడలేదు. పిస్టను నడిమధ్య మాత్రం వేడికి కరిగి బొటనవేలు దూరేంత తూటు పడింది. అది బ్లోయరు పని. పిస్టను తీసి ఇద్దరి ముందూ పెట్టాను. ఫిట్టరు తల తిప్పుకున్నాడు.

"పోయినోని మాట ఇప్పుడెందుకప్పా, ఇడ్సిపెట్టు" అన్నాడు రెడ్డి.

"ఎత్తింది నువ్వే గదా రెడ్డీ! మాయన్న తప్పు లేదని ఒక్కమాట అను, సాలు."

పన్నెండేళ్లు నీ చేత పని చేయించుకున్న మనిషికి ఆ ఒక్క మాట అనడానికి నోరు రాలేదు.

ఫిట్టరు మధ్యాహ్నం రైలుకు పోయాడు. నాలుగింటికి, ఇక పనికి రానని చెప్పి షెడ్డు తాళం రెడ్డి చేతికిచ్చి నేనూ వచ్చేశాను.