మన మంద చెవి గాటు

మర్రిపాడు,
బుధవారం.

చిరంజీవి ప్రేమలతకు,

అక్క దీవెనలు. ఇక్కడ అమ్మ, నాయన, నేను, మన మంద అందరం బాగున్నాం. నువ్వెట్లా ఉన్నావని అడగను. మీ ఎంపీ మేడం పార్లమెంటు మెట్లు దిగుతుంటే వెనకాల ఫైళ్లు పట్టుకుని నడుస్తూ టీవీలో కనిపించావు. కాస్త ఒళ్లు చేశావు.

నీ ఉత్తరం అందింది. నాయన కన్ను సంగతి అడిగావు. ఉదయగిరిలో కుడికంటికి ఆపరేషన్ చేసి, పోయిన వారం కట్టు విప్పారు. చూపు బాగా వచ్చింది. రెండో కన్ను వచ్చే నెల. ఫోటోలో ఉన్న గొర్రె బతికే ఉందా అన్నావు. ఉంది, మొన్ననే ఈనింది. ఆఫీసర్లు విచారణకు వచ్చినప్పుడు ఊళ్లో ఒక్కరూ ఎందుకు నోరు విప్పలేదని కూడా అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను.

ఊళ్లో ఎవరి నోట విన్నా నీ పేరే. మొన్న వెంగమ్మత్త మనింటికొచ్చింది. నేను మజ్జిగ పోస్తుంటే అమ్మతో అంటోంది: "మన ప్రేమ వాళ్ల మేడం చేత మంత్రినే అడిగించినాదంట, మా గొర్రెలు ఏడబోయినాయని. బిడ్డంటే అట్టుండాల." అమ్మ మురిసిపోయింది. నేను గిన్నె ఆమె ముందు ఠక్కున పెట్టి లోపలికి వచ్చేశాను.

నాకు నీ మీద కుళ్లుగా ఉంది ప్రేమా. అసలు ఆ దొంగతనం పట్టుకున్నదెవరు? సర్కారు పథకం కింద ఒంటరి ఆడవాళ్లకు తలా పది గొర్రెలు ఇచ్చానని, ఒక్కటీ ఇవ్వకుండానే, సప్లయరు కాగితాల్లో రాసుకున్నాడు. టీకాల ఫోటోలని నాయనకు చెప్పి మన మందను ఒక పూట తోలుకుపోయాడు. గ్రామసభలో ఆ ఫోటోలు గోడకు అంటిస్తే అందరూ మనుషుల ముఖాలు చూసుకున్నారు. నేను గొర్రెను చూశాను. వెంగమ్మత్త పక్కన, వరదమ్మ పక్కన, చేజర్లలో ఇంకెవరో ఆవిడ పక్కన ఒకటే గొర్రె. చెవికి నంబరు బిళ్లలు మార్చాడు గానీ చెవి గాటు మార్చలేడు కదా. ఎడమ చెవి కొన చీలిక, కుడి చెవి అంచున నెలవంక గాటు. తాత కాలం నుంచీ అది మన మంద గుర్తు. పోల్చింది నేను, ఫోన్లో నీకు చెప్పింది నేను. నువ్వు దాన్ని ఇంగ్లీషులో పెట్టావు, అంతే.

ఇంటర్ అయ్యాక ఎవరో ఒకరం మంద వెంట పోవాల్సి వస్తే నేను పోయాను. మార్కులు నాకే ఎక్కువ వచ్చాయి. అది నీకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఎంపీ అడిగిన ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పాల్సిందేనని, విచారణ చేయిస్తానని సభలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా లేదా చూడడానికి ఒక కమిటీ ఉంటుందని నీ ఉత్తరంలో రాశావు. ఆ కమిటీ ముందు మేడం దగ్గర రుజువు లేకపోతే, పేరు కోసం అబద్ధమాడిందని అంటారని, రేపు ఇంకో ఎంపీ ఇట్లాంటి ప్రశ్న అడగడానికి జంకుతాడని రాశావు. ఆ పేరా నాలుగుసార్లు చదివాను. ఎందుకంటే రుజువు లేకుండా చేసింది నేనే.

ఆత్మకూరుకు విచారణ కోసం ఢిల్లీ నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చిన రోజు నాయన, నేను పోయాం. వాళ్లలో తెలుగు తెలిసినాయన లేచి, "మీరు ప్రేమలతగారి అక్కగారు కదూ" అన్నాడు. నా పేరు అడగలేదు. మొదట పోల్చింది నువ్వే అనుకుంటున్నాడు. తర్వాత ఫోటో నాయన చేతికిచ్చాడు. అప్పటికి నాయనకు రెండు కళ్లూ మసకే. "నాకు ఆనడంలేదు పెద్దమ్మీ, నువ్వు జూడు. మన గొర్రేనా?" అని నాకిచ్చాడు.

"మనది గాదు నాయనా" అన్నాను.

"మా పెద్దమ్మి గాదనిందంటే గాదు సార్" అని ఆయన వేలిముద్ర వేశాడు. మంద సొంతదారు నాయనే ఆ గొర్రె తనది కాదంటే ఇంక ఊళ్లో ఎవరు నోరెత్తుతారు? బస్సెక్కేదాకా నాకు సంతోషంగానే ఉండింది. ఇప్పుడు నీ మేడం ముందు నువ్వేం చెప్తావో చూద్దామనుకున్నాను. వెంగమ్మత్తకు రావాల్సిన గొర్రెలు నాకు గుర్తే రాలేదు.

కట్టు విప్పిన మర్నాడు నాయన ఆఫీసర్లు ఇచ్చిన ఆ ఫోటో కాపీని కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది నేను కోసిన చెవి గదమ్మా. నా చేత అబద్ధం ఎందుకు చెప్పించినావు?" అన్నాడు. అప్పటినుంచి కర్ర నా చేతికివ్వకుండా మందను తనే తోలుకుపోతున్నాడు.

నిన్న ఆత్మకూరు పోయి వకీలు దగ్గర అంతా రాయించాను. అధికారుల ముందు అబద్ధమాడినందుకు నా మీద కేసు కావచ్చని ఆయన అన్నాడు. అయితే కానీండి, రాయండి అన్నాను. గొర్రె రెండు చెవుల ఫోటోలు జతచేసి కవరు మేడం పేరున రిజిస్టర్ పోస్టులో పంపాను. నీ పేరున పంపలేదు. ఇదైనా నీ చేతుల మీదుగా పోకూడదనుకున్నాను. పోస్టాఫీసు గడప దిగాక గుర్తొచ్చింది, మేడంకు వచ్చే కవర్లన్నీ విప్పేది నువ్వేనని.

సరే, విప్పు. "ఆ గొర్రెను మొదట పోల్చింది నేను" అని మొదటి వరసలో ఉంటుంది. "అది మాది కాదని మా నాయన చేత అబద్ధం చెప్పించిందీ నేనే" అని రెండో వరసలో ఉంటుంది. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు నా మీద జాలితో రెండోది మెత్తగా రాద్దామనుకుంటావు. నువ్వు అట్లాంటిదానివే, అందుకే నీ మీద నాకింత మంట. మార్చొద్దు. రెండు వరసలూ ఉన్నదున్నట్టు, నా పేరుతో, మేడం చేత ఆ కమిటీలో చదివించు.

ఇట్లు,
నీ మీద కుళ్లు ఇంకా తగ్గని
మీ అక్క
చెంచులక్ష్మి