సాక్ష్యంలో దగ్గు వచ్చే చోటు

తొర్రూరు,
మంగళవారం.

ప్రియమైన నాయినకు,

కృపాకర్ వందనాలు. ఫోన్ చేస్తే "బాగున్నవా బిడ్డా" అంటావు, "బాగున్న" అంటాను, అక్కడితో మన మాటలు అయిపోతాయి. అందుకే ఉత్తరం. శాంతి అక్కతో చదివించుకో. మధ్యలో తను నన్ను తిడితే తిట్టనివ్వు.

మూడు ఆదివారాలుగా చర్చిలో పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అన్నప్పుడు నువ్వు తల వంచుకుని కూర్చుంటున్నావట. దేవుడు నీకు చేసిన మేలు చెప్పుకోవడానికి ముప్పై ఏళ్లుగా ప్రతివారం లేచిన మనిషివి. ఒంట్లో బాగాలేదేమోనని ఊళ్లో అనుకుంటున్నారట. కారణం నాకు తెలుసు.

మా బడిలో టీచర్ల దినోత్సవం నాడు ఎవరినైనా అనుకరించి నవ్వించమని తోటి టీచర్లు నన్ను అడిగారు. నేను నిన్ను ఎంచుకున్నాను. భుజాన తువ్వాల, చేతిలో బైబిలు బదులు హాజరు రిజిస్టరు. "గప్పుడు మా కృపాకర్‌కు నాలుగేండ్లు. జ్వరం. మండుటెండ. తొర్రూరు దవాఖానకు సైకిల్ మీద తీస్కపోతున్న. నడిమిట్ల టైరు పగిలె. పోరడు కండ్లు తేలేసె. గప్పుడు నేను..." అని నీలాగే ఆగి దగ్గాను. తువ్వాలతో మూతి తుడుచుకుని మళ్లీ దగ్గాను. "మోకాళ్ల మీద పడి ప్రార్థన జేసిన. లారీ ఆగింది!" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఇంకోసారి దగ్గమన్నారు. దగ్గాను.

ఆ వీడియో మన ఊరి గ్రూపు దాకా వచ్చింది. అక్క కూతురు శ్రేయ ఫోన్లో నువ్వు చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేశావట.

నాయినా, ఆ కథలో పిల్లవాణ్ణి నేనే. నా ప్రాణం దక్కిందని నువ్వు చెప్పుకునే మాటను చప్పట్ల కోసం నవ్వులపాలు చేశాను. చిన్నప్పుడు నువ్వు లేచి నిలబడగానే అందరూ నావైపు తిరిగి చూసేవాళ్లు, నాకు సిగ్గేసేది. ఆ కక్ష తీర్చుకున్నానేమో. ఇప్పుడు ఇంటికి రావడానికి మొహం చెల్లడం లేదు. కొట్టు, తిట్టు, మాట్లాడడం మానెయ్యి. ఆదివారం మాత్రం లేచి నిలబడు. నా వల్ల నీ సాక్ష్యం ఆగిపోతే నేను తట్టుకోలేను.

నీ కొడుకు,
కృపాకర్


నర్సింహులపేట,
శుక్రవారం.

బిడ్డ కృపాకర్‌కు,

(నాయిన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. - శాంతి)

నీ ఉత్తరం మీ అక్క రెండుసార్లు చదివింది. నడిమిట్ల తిట్టింది గూడ.

నువ్వు చేసిన తప్పు తప్పే. పదిమందిల తండ్రిని నవ్వులపాలు చేస్తరా? కోపమొచ్చింది. గని నేను లేవకపోయింది అందుకు గాదు.

నా దగ్గు నేను ఎన్నడు ఇనలేదు బిడ్డా. శ్రేయ ఫోన్ల ఇన్న. ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గ ఆడనే దగ్గుతున్న. ఎందుకో నీకు తెల్వది. నేను మోకాళ్ల మీద పడలేదురా. టైరు పగిలినంక సైకిల్‌ను కాలుతోని తన్నిన. మొగులు దిక్కు జూసి, "నీకు కండ్లు లేవా, నా కొడుకే దొరికిండా" అని దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టిన. తిట్లు అయిపోనే లేదు, లారీ ఆగింది. తెల్లారి పాస్టరు "ప్రార్థన చేసినవా ముత్తయ్యా" అని అడిగిండు. సిగ్గుకు అవునన్న. గప్పటిసంది గా అబద్ధం గొంతుల అడ్డం పడుతున్నది. నన్ను కట్టుకున్న మీ అవ్వకు గూడ చెప్పలే.

నువ్వు దగ్గుతుంటే అందరు నవ్విన్రు. నాకు దొరికిపోయినట్టయింది.

ఈ ఆదివారం లేస్త. తిట్టిన ముచ్చట చెప్త. తిట్టినోనికి గూడ లారీ పంపిండని చెప్త. పాస్టరు ఏమంటడో ఏమో. ఒక్కనికి ధైర్యం చాలుతలేదు. నువ్వొచ్చి నా పక్కన నిలబడు. గా కాడికి రాంగనే మళ్ల దగ్గు అందుకుంటే ఆడికెల్లి నువ్వు చెప్పు. నా గొంతు నీకు మంచిగ వస్తది.

మీ నాయిన,
ముత్తయ్య