మంద ఎవరి పిలుపుకు వస్తుంది

బొంబాయి,
దసరా వెళ్లిన తర్వాతి సోమవారం.

బాపుకు, అమ్మకు కాళ్లు మొక్కి ఎల్లయ్య రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరు ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మంద ఎలా ఉంది? చెల్లె బాలమ్మ ఎలా ఉంది? ఈ ఉత్తరం చదివి వినిపించేది అదే కాబట్టి ముందే ఒక మాట. బాలమ్మా, రాసింది రాసినట్టు చదువు. నడుమ ఏదైనా మింగేశావంటే ఊరికి వచ్చినప్పుడు నీ జడ పట్టి లాగుతాను.

దసరాకు ఊరికి వచ్చిన మన సాయన్న క్షేమంగా తిరిగి చేరాడు. అమ్మ పంపిన నువ్వుల సత్తు ముట్టింది. గదిలో ఉన్నవాళ్లకు తలా ఇంత పెట్టాను. పెట్టాననే రాస్తున్నాను గాని సగానికి ఎక్కువ నేనే తిన్నాను. ఇక్కడ వానలు వెనుకబట్టాయి. ఆ వానలు నువ్వు చూడాలి బాపూ, ఒక్క వారం వాన మన పాలమూరుకు పంపినా చెరువులన్నీ అలుగు పోసేవి. ఇప్పుడు పగలు ఎండ, సాయంత్రం చల్లని గాలి. తిండికి లోటు లేదు. జొన్నపిండి దొరుకుతుంది, రొట్టె నేనే చేసుకుంటున్నాను. అంచులు పగులుతున్నాయి, కానీ కడుపులోకి పోయాక ఎవరు చూస్తారు? నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు.

మేము కడుతున్న మేడకు స్లాబు పడింది. మేస్త్రీ సంతోషపడి శనివారం, ఆదివారం సెలవిచ్చాడు. "ఇన్నేండ్లాయె, సముద్రం ఒడ్డుకు ఒక్కపారన్న సక్కగ పోయినవా?" అని సాయన్న బయలుదేరదీశాడు. మాతో పనిచేసే ఒకతని ఇల్లు ఒడ్డునే, చేపలు పట్టేవాళ్ల వాడలో ఉంది. వాళ్లింట్లోనే దిగాం. శనివారమంతా పడవలు చూశాం, పల్లీలు తిన్నాం, వాళ్లు పెట్టిన చేపల కూర తిన్నాం. ఊరికే కూర్చోవడం కూడా అలవాటు ఉండాలి బాపూ. మొదట నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆదివారం పొద్దున నేను చేసిన ఘనకార్యం వినండి. నీళ్లు చాలా దూరం వెనక్కి పోయాయి. ఇసుక చల్లగా, నున్నగా ఉంది. మందను తోలుకుపోయినప్పుడు చెరువులో నీళ్లు దిగిన జాగాలో గొంగడి పరిచి నడుం వాలుస్తాం కదా, అట్లాగే పరిచాను. దిగిన నీళ్లు మళ్లీ వాన పడితేనే కదా ఎక్కేది, మొగులు చూస్తే మబ్బు తునక కూడా లేదు. ధీమాగా నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి నడుం కింద నీళ్లు! నేను లేచి నిలబడేలోపు గొంగడి తేలిపోతోంది. దాని వెనుకే నడుం లోతుకు ఉరికాను. ఒడ్డున సాయన్న ఒకటే మొత్తుకోవడం: "ఓరి ఎల్లిగా, గొంగడి పోతె పోనియ్‌రా! నువ్వు పోతె మీ బాపుకు నేనేం జెప్పాలె?"

మన గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి, ఎట్లా వదులుతాను? పట్టుకొచ్చాను. సముద్రం నీళ్లు పూటపూటకు పోయి వస్తాయని ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసట. వాడంతా నవ్వింది, నేనూ నవ్వాను. నాకేమీ కాలేదని అమ్మతో చెప్పు. జలుబు కూడా చేయలేదు.

గొంగడిని ఒక పడవ మీద ఆరేశాను. పొద్దు వాలే వేళకు పైపైన ఆరి, ఉప్పు తెల్లగా పేరింది. అంతలో వాడలోని మేకలు వచ్చి దాన్ని నాకడం మొదలుపెట్టాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత ఉప్పు అరచేతిలోకి దులుపుకొని, నువ్వు నేర్పిన పిలుపు గొంతెత్తి పిలిచాను. ఒక్కటీ తల ఎత్తలేదు. మళ్లీ పిలిచాను. అప్పుడే వాటిని సాకే ఆమె గుమ్మంలోకి వచ్చి నాలుకతో చిన్న చప్పుడు చేసింది. ఉప్పు వదిలేసి అన్నీ ఆమె దగ్గరికి ఉరికాయి.

ఈసారి నాకు నవ్వు రాలేదు. "అన్నా, ఇప్పుడు ఊర్లె మా మందను పిలిస్తె నా దిక్కు వస్తదా?" అని సాయన్నను అడిగాను.

"నీకు ఎర్కున్న గొర్లు ఆ మందల ఇంకెక్కడియిరా? అన్ని వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. బాలమ్మ నోరు తెరిస్తె సాలు, గుట్ట మీదికెల్లి దిగొస్తయి" అన్నాడు. మీరు నాకు రాయని సంగతి కూడా చెప్పాడు. మేనత్త కొడుకు కిష్టయ్య బాలమ్మను చేసుకొని, మన ఇంట్లోనే ఉండి మంద చూసుకుంటానన్నాడట. నువ్వు వద్దన్నావట. "కొడుకుండంగ మందను అల్లుని చేతిల వెడ్తనా? మా ఎల్లిగాడు వస్తడు" అన్నావట.

బాపూ, పోయిన ఉత్తరంలో "మంద నీకే ఉంచిన, ఎప్పుడొస్తవు?" అని అడిగావు. నువ్వు చెబుతుంటే ఆ మాట రాసింది బాలమ్మే. తన సంగతి ఒక్క అక్షరం కూడా కలపలేదు.

అందుకే ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నా చేతులు ఈ పనికి అలవాటు పడ్డాయి. పండుగకు వస్తాను, మిమ్మల్ని చూడటానికి వస్తాను. మంద కోసం మాత్రం రాను. ఇది రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసు. కిష్టయ్యకు మాట ఇవ్వు. అల్లునికి ఇస్తున్నానని అనుకోకు, కూతురికి ఇస్తున్నావు. ఆ గొర్రెలు ఎప్పటి నుంచో దానివే, మనిద్దరికే తెలియలేదు.

బాలమ్మా, ఏడవకు. బాపు చెవికి సరిగా వినబడదు, ఇంకోసారి గట్టిగా చదువు.

మేనత్తకు, పెద్దబాపుకు, వాడలో పెద్దలందరికీ నా దండాలు. లగ్గం ఖాయం కాగానే జాబు వేయండి, మేస్త్రీని అడిగి ముందుగానే వస్తాను. బాపూ, అమ్మా, నన్ను దీవించండి. ఇంకొక్క కోరిక. పెళ్లినాడు పెళ్లికూతురు మంద వెంట పోవడం కుదరదు కదా, ఆ ఒక్క పొద్దు నేను తోలుకుపోతాను. అవి నా మాట వినవని తెలుసు. నేనెవరో వాటికి ఒకసారి చెప్పమను బాలమ్మను.

మీ కొడుకు,
ఎల్లయ్య