ఒక సంచీ చెత్త కోసం

బావగారికి,

జూన్ 14, మంగళవారం. పొద్దున నాలుగు చినుకులు పడి ఆగాయి. కోళ్ళ గూటికి ఎండుగడ్డి కప్పాను. కోళ్ళు ఇంకా రాలేదు. వాటి గురించే ఈ ఉత్తరం.

ఇంట్లో చెత్త తగ్గించుకోవడం, పెరట్లో తిండి పండించుకోవడం మీద మా ఊళ్ళో శిక్షణ పెట్టారు. చెత్త తగ్గించిన ఇంటికి పది కోడిపెట్టలు ఇస్తారు. వాటి కోసం మీ చెల్లెలు ఒక్క తరగతీ మానలేదు. మొదటి వారం శిక్షకుడు తక్కెడ పట్టుకుని ఇంటికొచ్చాడు. తొక్కలు మేకకు, బూడిద పాదులకు పోగా తూచడానికి ఏమీ మిగల్లేదు.

"సున్నా నుంచి ఏం తగ్గిస్తారమ్మా? ముందు మూడు కిలోలైనా చూపించండి" అన్నాడు.

"చెత్త చేయడం ఎప్పుడు నేర్పుతారు సార్?" అంది మీ చెల్లెలు.

అది ఈ శిక్షణలో లేదట.

వారమంతా ఆమె మనసు చంపుకుని సొరకాయ తొక్క మందంగా చెక్కింది. బకెట్ నిండింది. శిక్షకుడు వచ్చేలోగా మేక ఖాళీ చేసింది. ఈ శుక్రవారం కూడా ఏమీ చూపించకపోతే మా పేరు కొట్టేస్తారు.

పోయినసారి వచ్చినప్పుడు మీ వంటింటి వెనక నిండిన చెత్తడబ్బా చూశాను. అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. గురువారం బస్సుకి ఒక సంచీ పంపండి. మూతి గట్టిగా కట్టి, పైన నా పేరే రాయండి. మీ చెల్లెలి చేతిలో పడితే బాగున్నవి ఏరి, కడిగి, కూర చేసేస్తుంది. మిగతాది మేకకు వేస్తుంది. శుక్రవారానికి మళ్ళీ సున్నా.

మేక తాడు తెంపుకున్నట్టుంది. గూటి దగ్గర గడ్డి లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముందు దాన్ని కట్టేసి వచ్చి మిగతాది రాస్తాను.