నీ పేరుతోనే రాయి

తమ్ముడు దానియేలుకు,

కోపం తగ్గాక రాద్దామని మూడు రోజులు ఆగాను. తగ్గలేదు.

నీ కూతురు హెప్సిబా ఏడుస్తూ ఫోను నా చేతికిచ్చింది. వాట్సాప్‌లో లెక్కల గ్రూపులో జరిగిందంతా చదివాను. పిల్ల లెక్క ఫొటో పెట్టి "అర్జెంట్, జవాబు కావాలి" అని మాత్రం రాసింది. అది దాని తప్పే, దానికి చెప్పాను. గ్రూపులో లెక్కలు చెప్పే రామాంజి సారు ఏమన్నాడు? "యాడిదాకా చేసినావో పెట్టు తల్లీ, ఆడి నుంచి చెప్తా" అన్నాడు. నువ్వు ఫోను లాక్కుని, దాని పేరు మీదే "తెలిస్తే చెప్పప్పా, ల్యాకుంటే మూసుకోని పో" అని టైపు కొట్టావు. పిల్లను గ్రూపులోంచి తీసేశారు. పదో తరగతి పరీక్ష పన్నెండు రోజుల్లో ఉంది. లెక్కలు చెప్పేవాళ్లు మన ఊళ్లో ఎవరున్నారు?

అది నోటుబుక్కులో నాలుగు పేజీలు చేసింది. తప్పులున్నాయని చూపించడానికి సిగ్గుపడింది. చేనిలో నీళ్లు ఎక్కడ పడతాయో చూసి చెప్పేవాడికి నువ్వు ఎండిపోయిన మూడు బోర్లూ ముందే చూపించలేదా? ఆ మాట పిల్లకు చెప్పాల్సింది నువ్వు.

సారు పైసా తీసుకోకుండా చెప్పే మనిషి. క్షమించమని నేనైనా రాయగలను. రాయను. ఆయన నంబరుకు నీ పేరుతోనే రాయి, ఆ నాలుగు పేజీలూ పంపు.

పొద్దున ప్రార్థనలో ఇంట్లో అందరి పేర్లూ చెప్పాను. నీ పేరు నోటికి రాలేదు. ఆయనకు రాసిన రోజు నాకు తెలియజెయ్యి.

పెద్దక్క