ప్రొజెక్టర్ బల్బు

సెక్టర్ 6, భిలాయి
12 జూన్ 2003

శామ్ బాబాయి గారికి వందనాలు.

మన చర్చి ప్రొజెక్టర్‌ను శనివారం పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేయాలని కమిటీ తీర్మానించిందని తెలిసింది. దయచేసి ఆపండి. రెండు కొత్త బల్బులు పేలిపోవడం మెషిన్ తప్పు కాదు, మనదే.

దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివాను. బల్బు గాజును వట్టి వేళ్లతో తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడికి పగులుతుంది. మనమేమో కొత్త వస్తువని రెండుసార్లూ పెద్దలందరి చేతులూ బల్బు మీద ఉంచి ప్రార్థన చేయించాం.

మూడో బల్బు నేను తెప్పించాను. నిన్న పాస్టరమ్మగారిని అడిగి, రుమాలుతో పట్టుకుని బిగించాను. గంటసేపు వెలిగింది.

నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేసి విజయనగరం వెళ్లిపోతున్న లిల్లీ ఆంటీకి చర్చి పాత స్లయిడ్లు చూపించాను. పోయిన కొర్నేలి అంకుల్ సైకిల్ పట్టుకుని గోడ మీద కనిపించారు. వయసులో ఉన్నప్పటి భర్త ఫొటో ఆంటీ దగ్గర ఒక్కటీ లేదు.

"ఏటే, ఈయనకి నవ్వడం కూడా వచ్చేదేటి?" అన్నారు. నేను స్లయిడ్ మార్చబోతే, "ఉండవే, నన్ను చూడనీ" అన్నారు.

కబాడీవాడికి కబురు పంపి రావద్దనండి. ఆదివారం ఆరాధన అయ్యాక మిగిలిన స్లయిడ్లు నేనే వేస్తాను. ముందు వరుసలో ఆంటీకి ఒక కుర్చీ వేయించండి.

మీ అన్నగారి అమ్మాయి