లాఠీ ఇంగ్లీషు మాటే

రాములూ, నువ్వు ఇక లేవని, ఇది చేరదని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. నాచారం పార్కులో మనిద్దరం ఇంగ్లీషు మాటల ఆట ఆడేవాళ్లం కదా. ఐదక్షరాలుండాలి, చివర ‘ఐ’ రావాలి అన్న రోజు నువ్వు ‘లాఠీ’ (LATHI) అని రాశావు. అది మన మాటని నేను కొట్టేశాను. ఉప్పల్ బస్సుల బోర్డులు చదివి ఇంగ్లీషు నేర్చినవాణ్ణి, అయినా జడ్జీని నేనే!

“ముప్పై ఏండ్లు పోలీసుల జేసిన, లాఠీ సంగతి నాకెర్క లేదా అన్నా?” అని అలిగి లేచిపోయావు.

ఈ ఉదయం మనవరాలి ఫోన్‌లో అలాంటి ఆటే వచ్చింది. ‘లాఠీ’ అని చెప్పాను. మాట సరైందేనని ఐదు గళ్లూ ఆకుపచ్చగా మారాయి.

“మస్తు జెప్పినవ్ తాతా! ఎట్ల తట్టింది?”

“నాకు తట్టలే బిడ్డా, మా రాములు ఎన్నడో జెప్పిండు.”

“అప్పుడు ఒప్పుకున్నవా మరి?”

లేదని చెప్పి, కాగితం తీసి నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.